తెప్పను లాగిన మోటారు

"తాతా, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసినా. కంభం చెరువులో బొమ్మ పడవతో మనిషిని లాగించినావంట గదా, ఆ మోటారు సంగతి చెప్పు."

బొమ్మ పడవ అనబాక. టగ్గు అది. రేవులో పెద్ద పెద్ద ఓడల్ని లాగే పడవ లేదూ, దాని మాదిరే రెండు మూరల పొడవున చెక్కతో చేసినాడు మీ రమణ మామ. రిమోటుతో నడిచేది. అల్లుడని చెప్పడం కాదు, మంచి పనితనమే. కానీ మోటారేం పెట్టినాడనుకున్నావు? బొటనవేలంత! నిమిషానికి ఇరవై వేల చుట్లంట. "ఏంది అల్లుడూ, నీ పడవ పందెంలో ఉరకాల్నా, బరువు లాగాల్నా? మెల్లగ తిరిగినా మొండిగ తిరిగే మోటారు కావాల దీనికి" అన్నా.

మార్కాపురంలో నలభై ఏండ్లు కాలిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టినోణ్ణి గదమ్మా. కొనకనమిట్ల నుంచి బండ్లమీద తెచ్చేటోళ్లు. ఐదు హెచ్‌పీ చుడితే అప్పట్లో నూటేబై, రాగి తీగ ఖర్చు రైతుది. దొనకొండాయన ఒకాయన... సర్లే, అది వేరే కత.

పాత సామాన్ల దుకాణంలో కారు రేడియేటర్ ఫ్యాన్ మోటారు ఏరినా. బ్యాటరీ ఇచ్చి పట్టుకుంటే మణికట్టు తిప్పేసింది. నీళ్లు పోకుండా చిన్న పెట్టెలో పెట్టి టేపేసి బిగించినా. "వేడెక్కదా మామా?" అన్నాడు అల్లుడు. "నీళ్లల్లో ఉండే మోటారు వేడెక్కుడేంది? నా సర్వీసులో చూడలే" అని నవ్వినా.

చెరువులో చేపలు పట్టే మస్తాను తెప్ప మీద కూర్చున్నాడు. తెప్పకూ టగ్గుకూ తాడు కట్టి వదిలితే ఇరవై బారలు లాగింది, చూడముచ్చటగ. ఆడ ఆగింది. పొగ. ఆ కాలిన వాసన నాకేం కొత్తా? కట్టమీద నలుగురూ చూస్తాండారు, తల తీసేసినట్టయింది. అల్లుడు పెద్దగ ఏమన్లేదు. "పోనీలే మామా, ఆన్‌లైన్లో వేరే మోటారుకు ఆర్డర్ పెట్టినా. నీకు వయసైంది, ఇంక ఈటి జోలికెందుకు" అన్నాడు. తిట్టినా బాగుండు. ఆ పూట అన్నం సయించలే నాకు.

ఇంట్లో ఆ మోటారు విప్పి ముందర పెట్టుకొని కూర్చుంటే నాకు తట్టింది... లేదులే, మీ అవ్వ వింటాంది, నిజం చెప్తా. ఆమే అనింది. "బోరు మోటారు నీళ్లల్లో మునిగుంటది, కార్లో ఫ్యానుకు గాలి కొడతది. ఇదేమో పడవలో పొడిగ, ఊపిరాడకుండ కూర్చుందాయె. కాలక ఏం చేస్తది?" నలభై ఏండ్ల మెకానిక్కును, నాకు తట్టలే ఆ సంగతి!

మోటారు నీళ్లల్లో లేకపోతే నీళ్లనే మోటారు కాడికి తెద్దామనుకున్నా. ఆపరేషనైన కన్నుతో అదే మోటారు మళ్లా చుట్టినా, ఒక్కో పోగూ. ఒక్కటి కూడా తెగలేదమ్మా, వట్టు. ఫ్రిజ్జులకు వేసే సన్న రాగి గొట్టం తెచ్చి మోటారుకు ఏడు చుట్లు చుట్టినా. వెనక రెక్కలు నెట్టే నీళ్లు ఆ గొట్టంలో దూరి, మోటారు చుట్టూ తిరిగి, పక్కనుంచి బయట పడాల. అంతే.

మళ్లా కంభం పోయినాం. మస్తాను ఎక్కినాడు. ఈసారి వాళ్ల తమ్ముణ్ణి కూడా ఎక్కించుకున్నాడు చూడు, నా మీద పందెమేసినట్టు! పక్కనుంచి సన్నగ నీళ్లు చిమ్ముకుంట పోతాంది టగ్గు. ఇరవై బారలు దాటింది. నేను పొగ కోసం చూస్తాండా. ఆగలే. తెచ్చి ఒడ్డుకానిచ్చింది ఇద్దర్నీ.

అల్లుడు మూత తీసి మోటారు మీద అరచెయ్యి పెట్టినాడు. తియ్యలే, అట్లనే పెట్టుకొని కట్టమీదోళ్ల దిక్కు తిరిగి, "మా మామ చుట్టిన మోటారు" అన్నాడు. శానామంది మెచ్చుకున్నారులే నన్ను, మోటార్లు బాగుచేసినప్పుడు. ఇంత సంబరం ఎప్పుడూ కాలేదు తల్లీ.

ఆ ఆన్‌లైన్ డబ్బా వచ్చిందిలే. వాళ్లింట్లో బీరువా మీదుంది, ఇంకా సీలు కూడా విప్పలే.

నువ్వు కూడా కరెంటు చదువే గదా చదివేది. నీ చెయ్యి పడిన మోటారు కాలకుండ తిరగాల తల్లీ. ఒకేళ కాలిందే అనుకో, మళ్లా చుట్టు. ఆపెయ్ ఇంక ఆ ఫోను, మీ అవ్వ పిలుస్తాంది.