కుళాయి దగ్గర రెండు ఇటుకలు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. వత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. చెయ్యి నిదానం, ఈ నాలుగు పేజీలకే ఒక చలికాలం పట్టింది. ఆ రోజు మాటలు మాత్రం చకచకా నడిచాయి. అందుకని మాటలే రాస్తాను.

ఆక్లాండ్, మౌంట్ రాస్కిల్. రెండు వేల ఏడు ఫిబ్రవరి, శనివారం పొద్దున. ఏటవాలు డ్రైవ్‌వే. పైన గ్యారేజీ ముందు, మోటార్‌సైకిళ్లు తీసుకెళ్లడానికి తయారవుతున్న ట్రైలరు, నాలుగు పక్కలా మూసినది. లోపల అల్లుడు మధుబాబు. బయట టీ గ్లాసుతో అత్తగారు.

"టీ చల్లారిపోతోంది అల్లుడుగారూ."

"అక్కడ పెట్టండి అత్తయ్యా. ఈ ఒక్క బోల్టు బిగిస్తే అయిపోయినట్టే."

"అరగంట నుంచీ ఒక్క బోల్టే."

"ఇది రింగు బోల్టు. బండిని కట్టే పట్టీ దీనికే తగిలించాలి. కింద రేకు ముక్క వేయకపోతే బండి బరువుకి చెక్కలోంచి ఊడొస్తుందని ఉదయ్ చెప్పేవా... ఎవరో చెప్పారు."

"ఉదయ్ అనే అన్నారు."

"ఎవరైతే ఏం లెండి."

"ఆ గోడలకి కొట్టిన కార్పెట్ ముక్కలు అతను తెచ్చినవే కదూ?"

"ఎవరింట్లోనో పీకి పారేసిన కార్పెట్ అది. ఎవరైనా తేవచ్చు."

"ముందు చక్రం కదలకుండా ఇరుక్కునే ఆ చెక్క గాడి?"

"పాత మంచం విరగ్గొట్టి చేశాం."

"చేశాం అంటే ఎవరెవరు?"

"అత్తయ్యా, పొద్దున్నే ఏమైంది మీకు?"

"ఏమీ లేదు. ఊరికే. పదకొండింటికి వస్తానన్నాడటగా."

"తన బండి తీసుకుపోవడానికి వస్తున్నాడు. కూర్చోడు. మీరు ఇడ్లీలూ అవీ పెట్టకండి."

"పెడితే?"

"కిరణ్‌కి నచ్చదు."

"కిరణ్మయి నా కూతురు. దానికి ఏది నచ్చుతుందో నాకు తెలుసు. సోమవారం ఎక్కడికో వెళ్లిపోతున్నాడని ఫోనులో అంటున్నారు మీరు."

"ఇన్వర్‌కార్గిల్. టైర్ల షాపులో పని దొరికిందట."

"ఎంత దూరం?"

"దేశం ఆ చివర. అది దాటితే సముద్రమే, మంచే."

"ఇక్కడి పనికేమైంది?"

"కొరియర్ వ్యాను నడిపేవాడు కదా. ఎడమ కాలు విరిగింది. క్లచ్ దేంతో తొక్కుతాడు? వాళ్లు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు."

"ప్రతి ఆదివారం ఇక్కడే తినేవాడు. గోంగూర అన్నం పెడితే ఇంకో ముద్ద ఆంటీ, ఇంకో ముద్ద ఆంటీ అని..."

"అవన్నీ ఇప్పుడెందుకు? మా అమ్మాయి ఈ డ్రైవ్‌వేలోనే సైకిలు తొక్కుతుంది అత్తయ్యా. ట్రైలరు వెనక్కి జారడానికి పది నిమిషాల ముందు కూడా ఇక్కడే ఉంది. చక్రాలకి ఇటుకలు అడ్డు పెట్టడం మర్చిపోయానని వాడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?"

"ఆస్పత్రిలో ఏమన్నారు మీరు అతన్ని?"

"వదిలేయండి."

"చెప్పండి."

"నీ కాలే కదా విరిగింది, నా కూతురు పోయుంటే ఏం చేసేవాడివిరా అన్నాను. ఇంకెప్పుడూ మా ఇంటికి రావద్దన్నాను. సరేనా?"

"మంచం మీదున్నవాణ్ణా?"

"మంచం మీదున్నవాణ్ణే."

"అతనేమన్నాడు?"

"ఏమంటాడు? నిజమేరా అన్నాడు."

"ఆ కాగితంలో కూడా అదే రాశాడా?"

"ఏ కాగితం?"

"ప్రమాదం ఎలా జరిగిందో రాసిచ్చిన కాగితం. ట్రైలరు మీది కాబట్టి మీకూ ఒక కాపీ వచ్చిందన్నారు. నెల రోజులు ఫ్రిజ్‌కి అంటించి ఉంది. నాకు చదవడం రాదుగా, దాని ముందు నిలబడి ఊరికే చూసేదాన్ని."

"చక్రాలకి అడ్డు పెట్టలేదు, తప్పు నాదే, అని రాశాడు. చాలా?"

"బాబూ..."

"మళ్లీ ఏమిటి?"

"టీ... ఇంకో గ్లాసు తేనా?"

"ఈ గ్లాసే తాగలేదు అత్తయ్యా!"

"అవును. తాగలేదు. బాబూ, ఆ రోజు నిమ్మకాయలు..."

"ఏ నిమ్మకాయలు? వద్దన్నాను కదా అప్పుడే. ట్రైలరుకి పూజేమిటి, దానికి ఇంజనే లేదన్నాను."

"ఇంజను లేకపోతే చక్రాలు లేవా? మీ మామగారి లారీకి ఇరవై రెండేళ్లు నేనే పెట్టాను. మొదటిసారి కదిలేటప్పుడు చక్రం కింద నిమ్మకాయ నలగాలి."

"సరే, పెట్టలేదు కాబట్టే ఇలా అయిందంటారు. అంతేగా?"

"పెట్టాను."

"ఏంటి?"

"పెట్టాను బాబూ. మీరిద్దరూ లోపల ఇడ్లీ తింటున్నారు. నేను కొంగులో రెండు నిమ్మకాయలు మూట కట్టుకుని వచ్చాను. చక్రం కింద పెడదామంటే అక్కడ ఇటుక ఉంది."

"ఇటుక ఉందా?"

"రెండు చక్రాలకీ రెండు. బాగా దట్టించి పెట్టాడు. చేత్తో లాగితే రాలేదు. మడమతో తన్నితే వచ్చాయి."

"అత్తయ్యా."

"తీసి కుళాయి దగ్గర పెట్టాను. ట్రైలరు కదల్లేదు. నిమ్మకాయలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. మళ్లీ ఇటుకలు పెట్టాలని తట్టలేదు నాకు. లారీకైతే క్లీనరు చెక్క మొద్దు పట్టుకుని పక్కన నిలబడేవాడు. తీసేదీ పెట్టేదీ వాడే. నా పని నిమ్మకాయల వరకే. ఇక్కడ క్లీనరు లేడని..."

"ఆగండి. కాసేపు ఆగండి."

"ఈలోపు కిరణ్ పిలిచింది, పాపకి జడలు వేయమని. రెండో జడ సగంలో ఉండగా ఆ చప్పుడు వినిపించింది. అప్పుడు తట్టింది. జడ వదిలేసి వచ్చేసరికి అతను కింద, పోస్టు డబ్బా పక్కన పడి ఉన్నాడు."

"మేము బండి ఎక్కించాం. బరువంతా వెనక్కి పడి, అప్పటిదాకా ట్రైలరుని ఆపిన, ముక్కు కిందున్న చిన్న చక్రం గాల్లోకి లేచింది. కారుకి తగిలించకుండా ఎక్కించొద్దురా అని వాడన్నాడు. ఒక్కసారి కొలత చూద్దాం, ఇటుకలున్నాయిగా అని నేనే... అయ్యో. ఇటుకలు పెట్టానన్నాడు వాడు. అప్పుడే అన్నాడు. తర్వాత మర్చిపోయానన్నాడు. అబద్ధాలకోరువి అని కూడా తిట్టాను."

"అలా కూడా అన్నారా?"

"కుళాయి దగ్గర ఇటుకలు చూపించి అడిగాను, అవి అక్కడున్నాయేంట్రా అని. అటు చూశాడు. మీ వైపు... ఏమో. మర్చిపోయాను మధూ అన్నాడు. మరి నిమ్మకాయలేవి? నాకు నిమ్మకాయలు కనపడలేదే!"

"నేనూ వెతికాను. అంబులెన్సు వెళ్లాక గడ్డి దువ్వి మరీ వెతికాను. ఒక్క తొక్క లేదు. దేవుడే దాచాడనుకున్నాను. చూడండి నా పాపిష్టి బుద్ధి, ఒకడి కాలు విరగ్గొట్టి, దేవుడు నా పక్షాన ఉన్నాడనుకున్నాను."

"మూడు నెలలు! మూడు నెలలు చెప్పలేదు మీరు."

"చెబుదామని రోజూ వచ్చేదాన్ని. ఈ గుమ్మం దాకా. ఏం కావాలి అత్తయ్యా అనేవారు మీరు. టీ తెచ్చాను బాబూ అనేదాన్ని."

"అందుకా రోజుకి ఆరు టీలు?"

"అందుకే."

"నాకు నిద్ర పట్టక డాక్టరు దగ్గరికి వెళ్లాను తెలుసా?"

"తెలుసు. కాఫీ తగ్గించమన్నాడటగా."

"నవ్వొస్తోందా మీకు?"

"ఏడుపొస్తోంది బాబూ. భయంతో చెప్పలేదు. కొడుకులు లేనిదాన్ని. అల్లుడింట్లో అన్నం తింటున్నదాన్ని. మీరు నన్ను ఒక్క మాట అనరు, నాకు తెలుసు. అనకుండా ఒక్కసారి అలా చూస్తారు. ఆ చూపుకి ముద్ద గొంతు దిగదు. అందుకని ఆ పిల్లవాడి ముద్ద తీసేశాను."

"సరే. సరే. అయిందేదో అయింది. ఇక ఎవరికీ చెప్పకండి."

"అతనికి చెప్పాలిగా."

"వద్దు. కాలు అతుక్కుంది, పని దొరికింది, ఎల్లుండి వెళ్లిపోతున్నాడు. ఇప్పుడు కెలికి ఏం లాభం? మీ పరువు పోతుంది."

"నా పరువా, మీ పరువా?"

"అదేం మాట?"

"మంచం మీదున్నవాణ్ణి అన్న మాటలు ఇప్పుడు మింగాలిగా. నాకు ఇటుకలు తీయడం ఎంత తేలికైందో మీకూ అంతే తేలికైంది, ఆ మాటలు అనడం."

"అత్తయ్యా, కిరణ్‌కి తెలిస్తే..."

"తెలియనివ్వండి."

"తను కూడా వాణ్ణి గుమ్మంలోంచే పంపేసింది, కర్రలతో వస్తే. ఇప్పుడు తన మొహం ఎలా ఉంటుందో ఆలోచించారా?"

"ఆలోచించాను. మూడు నెలల నుంచి నాకు ఇంకేం పని?"

"అదుగో, కారు ఆగింది. మీరు లోపలికి వెళ్లండి. దయచేసి."

"వెళ్లను."

"అత్తయ్యా!"

"వెళ్లనంటున్నాగా. రా నాయనా, రా. మెల్లగా. ఆ ఏటవాలు దగ్గర జాగ్రత్త."

"నమస్తే ఆంటీ. బాగున్నారా? ఒరేయ్ మధూ, బండి బయట పెట్టావా?"

"పెట్టాను ఉదయ్. ఆ పక్కన ఉంది."

"చేతికర్ర లేకుండానే నడుస్తున్నావా నాయనా?"

"పోయిన వారమే వదిలేశానాంటీ. కొంచెం పక్కకి వాలుతుంది. వెనక నుంచి చూసేవాళ్లు డాన్సు చేస్తున్నాననుకుంటారు. అబ్బో, రింగులు వేసేశావే! కింద రేకు పెట్టావా?"

"పెట్టాను. నువ్వు చెప్పినట్టే."

"గాలికి పైన కిటికీ కూడా కోశావా? బాగుందిరా. కొన్నవాటి కంటే బాగుంది. ఆంటీ, పాత కార్ల సీటు బెల్టులతో పట్టీలు కుట్టారు కదా, ఇంకా ఉన్నాయా? ఒక రెండు ఇవ్వండి నాకు. అక్కడ బండి కట్టుకోవడానికి. మీ కుట్టు ఊడదు."

"పట్టీలు అన్నీ నీవే నాయనా. ముందు ఒక మాట విను."

"అత్తయ్యా, వాడికి పచ్చడి సీసా ఏదో ఇస్తానన్నారుగా. లోపలుందేమో చూడండి."

"పచ్చడి ఎక్కడికీ పోదు. నాయనా, ఆ రోజు ఇటుకలు..."

"మర్చిపోయానాంటీ. నాదే తప్పు. మధూ, హ్యాండిల్ పట్టుకో, బండి కిందికి దించుదాం."

"నువ్వు మర్చిపోలేదు."

"మర్చిపోయానన్నానుగా ఆంటీ. కాగితంలో కూడా రాసిచ్చాను. పట్టుకోరా మధూ, చూస్తావేంటి?"

"నువ్వు పెట్టావు నాయనా. రెండు ఇటుకలూ. నేను ఈ కాలితో తన్ని తీశాను."

"ఆంటీ, ష్. మీరు లోపలికి..."

"నాకు చెప్పేశారురా ఇందాకే."

"నీకు చెప్పారా?"

"మొత్తం చెప్పారు."

"నువ్వేమన్నావు ఆంటీని?"

"ఏమీ అనలేదు."

"నిజం చెప్పు. ఏమన్నావు?"

"ఏమీ అనలేదురా! మూడు నెలలు ఎందుకు చెప్పలేదని అడిగాను, అంతే. నువ్వేంట్రా... నీకు ముందే తెలుసా?"

"పెట్టినవాణ్ణి నేను. ఇటుకలు వాటంతట అవి కుళాయి దగ్గరికి నడిచి వెళ్తాయా?"

"మరి నేను అన్నన్ని మాటలంటుంటే ఎందుకు పడ్డావు? అబద్ధాలకోరువన్నాను. ఇంటికి రావద్దన్నాను. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నన్ను రావద్దంటే నేను మా ఫ్లాట్‌కి పోతానురా. ఆంటీని అంటే ఆంటీ ఎక్కడికి పోతారు?"

"నాయనా..."

"ఏడవకండి ఆంటీ. బండి దించాలి, వాన వచ్చేలా ఉంది."

"నేనే అని నీకెలా తెలిసింది నాయనా? నన్ను చూశావా?"

"చూడలేదు. పోస్టు డబ్బా పక్కన పడి ఉన్నాను కదా, మొహం పక్కనే చక్రం. ఒక నిమ్మకాయ టైరుకి అంటుకుని ఉంది. ఇంకోటి ఏటవాలు మీద దొర్లుకుంటూ నా దగ్గరికే వచ్చింది. పై నుంచి వీడు పరిగెత్తుకొస్తున్నాడు. రెండూ జేబులో వేసుకున్నాను."

"నిమ్మకాయలా? కాలు విరిగి పడుండి నిమ్మకాయలు ఏరుకున్నావా?"

"ఏరుకున్నాను. ఆస్పత్రిలో నర్సు ప్యాంటు కత్తిరిస్తుంటే జేబులోంచి కిందపడ్డాయి. ఒకటి నలిగిపోయి, ఒకటి చితికిపోయి, గదంతా వాసన. ఇవేమిటని అడిగింది ఆవిడ. దెబ్బ తగలకుండా మా అమ్మ ఇచ్చిందని చెప్పాను ఆంటీ."

మంగతాయారు
డెబ్భై మూడేళ్లు
ఇప్పుడు ఉంటున్నది హాబ్సన్‌విల్‌లో, ఆ అల్లుడి దగ్గరే