హార్లన్ సీటు

ఆ చెయ్యి తియ్యి బాబూ! తియ్యమంటున్నానా? అది బీరు కాదు. మా ఆయన.

ఆఁ, సరిగ్గానే విన్నావు. హార్లన్. ఆ నల్లడబ్బాలో ఉన్నది ఆయన బూడిద. పక్కన పొట్లంలో ఉన్నవి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. ఇంకేం లేవు. ఐసుసంచీలో పెట్టి తెచ్చిందేమిటీ మనిషి అని అలా చూడకు. చేతిసంచీ అయితే లోపలున్నవన్నీ బయటికి కనబడాలనీ, ఐసుసంచీ అయితే ఫరవాలేదనీ గేటు మీద బోర్డు పెట్టింది మీరేగా? మొగుణ్ణి అద్దంలాంటి సంచీలో వేసుకుని ఊరేగించమంటావా?

మూత పెట్టు. గాలేస్తోంది.

ఏంటీ? బూడిద లోపలికి తీసుకెళ్ళకూడదా? ఎక్కడ రాశారు? తుపాకులొద్దన్నారు, గొడుగులొద్దన్నారు, గాజుసీసాలొద్దన్నారు. మొగుడొద్దని ఎక్కడా రాయలేదే!

నవ్వొస్తే నవ్వు, దాచుకుంటావెందుకు? నాకే రావడం లేదు. నవ్వూ లేదు, ఏడుపూ లేదు. పళ్ళడాక్టరు మత్తుసూది వేశాక దవడ ఉంటుంది చూడు, అలా ఉంది ఒళ్ళంతా.

సరే, అడుగు. మీ పైవాళ్ళని అడుగు, ఆ వాకీటాకీ ఉంది కదా. నీ పేరేంటి... డ్వైట్. చూడు డ్వైట్, ఇలా చెప్పు. వెర్నా అని ఒక ముసలావిడ వచ్చింది, రెండు టికెట్లున్నాయి, ఒకటి ఆవిడకి, ఒకటి ఆవిడ మొగుడికి. కార్లరేసు అయ్యేదాకా ఆయన్ని పక్కసీట్లో కూర్చోబెట్టుకుంటుంది. అయ్యాక జనాన్ని ట్రాకు మీదికి వదుల్తారుగా, అప్పుడు రేసు ముగిసే ఆ తెల్లగీత మీద చల్లేసి వెళ్ళిపోతుంది. ఆయన ఆఖరి కోరిక. ఆ ముక్క మర్చిపోకు, ఆఖరి కోరిక.

కనుక్కుని చెబుతామన్నారా? చెప్పనీ. నాకేం తొందర? నా వెనకాల ఎవరూ లేరులే. ఒకప్పుడైతే ఈ పాటికి ఇక్కడినుంచి పెట్రోలుబంకు దాకా జనం ఉండేవారు. ఆ కుర్చీ ఇలా లాగు, మోకాళ్ళు పట్టేశాయి.

నువ్వు ఈ చుట్టుపక్కలవాడివేనా? మోరవియన్ ఫాల్స్? మరింకేం! మీ తాత నీకు చెప్పే ఉంటాడు ఈ బ్రష్ క్రీక్ ట్రాకు గురించి. కోళ్ళఫారాలతో, కలపమిల్లులతో బతికే కొండప్రాంతంలో ఇది తప్ప మాకేముందయ్యా? అప్పట్లో ఏడాదికి రెండే రేసులు. ఒకటి వసంతంలో, ఒకటి ఆకులు రాలేటప్పుడు. మధ్యలో ఉన్న రోజులన్నీ వాటికోసం ఎదురుచూడ్డానికే.

మా నాన్న నన్ను మొదటిసారి తీసుకొచ్చినప్పుడు ఇక్కడ తారు లేదు, ఎర్రమట్టి. ఇంటికెళితే మా అమ్మ గుమ్మం బయటే నిలబెట్టి బాల్చీతో నీళ్ళు కుమ్మరించింది. చెవుల్లోంచి కూడా మట్టే! అప్పట్లో కార్లంటే నిజంగా కార్లు. రే డెల్ ట్రిప్లెట్ ఉన్నాడే, వారమంతా కోళ్ళలారీ తోలేవాడు. రేసునాడు తన సొంత ఎర్ర ఫోర్డు తలుపు మీద తెల్ల బూటుపాలిషుతో అరవైఆరు అని రాసుకుని వచ్చేవాడు. రేసు నడిపి, గెలిచినా ఓడినా అదే కారులో పెళ్ళాంపిల్లల్ని ఎక్కించుకుని ఇంటికి పోయేవాడు. మర్నాడు సంతలో కనబడితే "ఏమయ్యా, మూడో మలుపులో అంత నిద్రపోయావేం?" అని మొహానే అడిగేవాళ్ళం. తిట్టేవాడు. తిట్టి, సిగరెట్టు అడిగేవాడు.

ఇప్పుడో? మొన్న కారు ఒకటి దగ్గరికెళ్ళి చూశాను, ప్రదర్శనకి పెట్టారుగా గేటు బయట. ముందు దీపాలు చూశావా? స్టిక్కర్లు! దీపం బొమ్మ అంటించారు. చక్రానికి ఐదు బోల్టులుండేవి, పిల్లలు కూడా లెక్కపెట్టేవాళ్ళు, ఒక్కొక్కటీ ఊడదీసి బిగించేసరికి రేసు తారుమారయ్యేది. ఇప్పుడు ఒక్కటే బోల్టు, మధ్యలో. ఏ కంపెనీ కారయినా ఒంటికి ఒకటే తొడుగు. రేసుని మూడు ముక్కలు చేసి ముక్కముక్కకీ పాయింట్లిస్తున్నారు. మధ్యలో ఆపి ప్రకటనలు. ఆ డ్రైవరు పిల్లకాయలు గెలిచి కిందికి దిగగానే ముందు సబ్బుల కంపెనీకి థాంక్సు చెబుతారు, తర్వాత దేవుడికి.

తిడుతున్నానని కాదు. తిట్టాలంటే కోపం రావాలిగా. ఊరికే చెబుతున్నాను.

హార్లన్ అయితే తిట్టేవాడు. అబ్బో, ఆయనకి రేసంటే ప్రాణం! ట్రిప్లెట్ కారు మలుపు తిరిగితే చాలు, లేచి నిలబడి గొంతు చించుకునేవాడు. వెనకవాళ్ళు కూర్చోవయ్యా కూర్చో అని అరిచినా సరే. చూపు ట్రాకు మీదనుంచి తిప్పేవాడు కాదు. నేను పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు ఒలిచి చేతిలో పెడుతూ ఉండేదాన్ని. నాకేం, కాలక్షేపం. బి వరసలో ముప్ఫైఒకటి, ముప్ఫైరెండు. పెళ్ళయినప్పట్నుంచీ అవే సీట్లు.

ట్రిప్లెట్ పోయినప్పుడు... ఇక్కడే, నాలుగో మలుపులో. నువ్వు చిన్నవాడివి అప్పటికి. గోడకి కొట్టుకున్న చప్పుడు పెద్దగా కూడా లేదు. అందరం లేస్తాడులే అనుకున్నాం. కారు కిటికీకున్న వల తీసి చెయ్యి ఊపుతాడు కదా బాగానే ఉన్నానని, ఆ చెయ్యి కోసం చూశాం. అంబులెన్సు నెమ్మదిగా వెళ్ళింది. నెమ్మదిగా వెళ్ళిందంటే తెలిసిపోతుందిగా.

మా ఆయన పది రోజులు మనిషి కాలేదు. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదంటే నమ్ము. కొట్టాంలో కూర్చుని ఎక్కెక్కి ఏడ్చేవాడు. చుట్టం కాదు, పక్కం కాదు, ఒక డ్రైవరు కోసం!

తర్వాత ఈ ట్రాకు మూసేశారు. పెద్ద ఊళ్ళవాళ్ళు మన రేసులు రెండూ ఎగరేసుకుపోయారు. బెంచీల సందుల్లోంచి దేవదారు మొక్కలు లేచాయి. మేము వేరే ఊళ్ళకి పోయేవాళ్ళం, అవి ట్రాకులా, విమానాశ్రయాలా? అంత దూరంనుంచి కార్లు చీమల్లా కనబడేవి. అయినా పోయేవాళ్ళం. మళ్ళీ మొన్నటేడు దీన్ని తెరుస్తున్నారని తెలిసిన రోజు, ఇంట్లో ఒకటే హడావిడి. పాత సీట్లే ఇస్తారా అని ఫోను మీద ఫోను. ఇచ్చారు. పోయినేడు ఇద్దరం వచ్చాం. ఈ ఏడు టికెట్లు చలికాలంలోనే కొన్నాం, ఆయన ఫిబ్రవరి దాటలేదు.

కుర్చీల ఫ్యాక్టరీలో రంపపుపొట్టు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోయాయి. అంతే. వింతేం లేదు, మా వీధిలో సగంమంది అలాగే పోయారు.

మాట్లాడుతోంది నీ వాకీటాకీ. తియ్యి.

...

విన్నాను. నువ్వు మళ్ళీ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళ మోతకి చెవుడు రావాల్సింది, రాలేదు. సరేనన్నారు కదూ? అబ్బ, ఎంత మంచిగా మాట్లాడిందయ్యా ఆ పిల్ల! రేసుకి ముందు కారులో ఒక చుట్టు తిప్పుతారట. ఆయన పేరు మైకులో చదువుతారట, బ్రష్ క్రీక్ ట్రాకుకి నలభై, యాభైయేళ్ళ అభిమాని హార్లన్‌గారు అని. జనమంతా లేచి నిలబడి టోపీలు తీస్తారట.

వద్దు.

వద్దని చెప్పు డ్వైట్. మళ్ళీ నొక్కు ఆ బొత్తాం. వద్దంది అని చెప్పు.

ఎందుకంటే... ఆయన అభిమాని కాదు.

అలా చూడకు నాయనా. కాదు, అసలు కాదు. హార్లన్‌కి రేసంటే పచ్చజెండా ఊపితే వెళతారు, గళ్ళజెండా ఊపితే ఆగుతారు, అంతే తెలుసు. ట్రిప్లెట్ పోయిన నాలుగేళ్ళకి కూడా ఏ ఎర్రకారు వచ్చినా "మనవాడేనా వెర్నా?" అని అడిగేవాడు. చెవుల్లో దూది కుక్కుకునేవాడు. ఒక్కోసారి ఆ మోతలోనే కునుకు తీసేవాడు, నువ్వు నమ్మవు.

గొంతు చించుకుంది నేను. కూర్చోవమ్మా కూర్చో అని వెనకవాళ్ళు తిట్టింది నన్ను. కొట్టాంలో కూర్చుని పది రోజులు ఏడ్చింది నేను. ఆయన ఆ పది రోజులూ పొయ్యి దగ్గర నిలబడి, వంట రాకపోయినా ఏదో కాచి తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయేవాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఎవడో పరాయివాడికోసం నీ పెళ్ళాం అలా ఏడుస్తుంటే నువ్వు ఊరుకుంటావా?

వారమంతా ఫ్యాక్టరీలో చచ్చేట్టు పనిచేసిన మనిషికి మిగిలేది ఒక్క ఆదివారం. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ చర్చికి రమ్మని పోరేది. రేసు ఉన్న ఆదివారం ఎప్పుడూ పోలేదు. నాతో వచ్చేవాడు. మనిద్దరం ఎక్కడికైనా వెళదామా అని పెళ్ళికి ముందు ఆయన అడిగితే రేసుకి పోదాం అన్నాను. ఆ ఒక్క మాటకి బతుకంతా వచ్చాడు.

వచ్చి ఏం చేసేవాడూ? కాయలు ఒలిచేవాడు. ఒలిచింది నేను కాదు, ఆయన. తొక్కలన్నీ తన టోపీలో వేసుకునేవాడు, కింద పారేస్తే ఊడ్చేవాళ్ళకి కష్టమని. నేను ట్రాకు మీదనుంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి ఇలా పక్కకి చాపేదాన్ని. గింజలు పడేవి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తిరిగి చూడలేదు డ్వైట్. ఒలిచేటప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో నాకు తెలీదు.

ఆయన అసలు ఆఖరి కోరిక వాళ్ళమ్మ పక్కన పెట్టమని. కొండ మీద బెతెల్ చర్చి పెరట్లో. అడిగిందల్లా అదొక్కటే. పాస్టరుగారు ఫోను చేస్తూనే ఉన్నారు, ఎప్పుడు తెస్తావమ్మా అని. వర్షమనీ, మోకాళ్ళనీ ఏదో ఒకటి చెబుతున్నాను.

అక్కడ పెడితే ఆయన పక్కన వాళ్ళమ్మ ఉంటుంది. నా పక్కన ఎవరుంటారు? ఆ ముప్ఫైరెండో సీట్లో ఎవడో వచ్చి కూర్చుంటాడు, బీరు ఒలకబోస్తాడు. ఇక్కడ చల్లేస్తే, ఎప్పుడొచ్చినా ఉంటాడు కదా అనుకున్నాను. మొగుడు పోతే ఒక్క కన్నీటిబొట్టు రాని దానికి అదొక తెలివి.

ఇంకోటి కూడా అనుకున్నాను. చెబితే పిచ్చిదంటావేమో. ఇంజన్లు ఒక్కసారిగా వేస్తారే, అప్పుడు ఇక్కడ, గుండెల మీది ఈ ఎముక కింద అదిరేది నాకు. చిన్నప్పట్నుంచీ. పెళ్ళినాడు కూడా అంత అదరలేదు. ఆ అదురుకైనా లోపల బిగిసిపోయిందేదో కదుల్తుందేమో, ఏడుపొస్తుందేమో అని వచ్చాను.

జాతీయగీతం అయిపోయినట్టుందే? టోపీ పెట్టుకో. ఆగు... ఇప్పుడు వేస్తారు. మాట్లాడకు.

...

నీ బల్ల మీద సీసా చూడు, నీళ్ళెలా వణుకుతున్నాయో. ఇదిగో, ఈ డబ్బా కూడా. చెయ్యి పెట్టు, భయం లేదు. తెలుస్తోందా?

నీకు తెలుస్తోంది. మంచిది.

నాకేం లేదు నాయనా. చెవులకి వినబడుతోంది, అంతే.

సరే. ఆ పిల్లకి చెప్పు, థాంక్సు చెప్పిందని. ఆయన్ని కాసేపు నీ దగ్గర ఉంచుకో, ఆ నీడలో, ఎవరూ తన్నకుండా. ఇక్కడైతే మోత కొంచెం తక్కువ, ఆయనకి నచ్చుతుంది. రేసు అయ్యాక వచ్చి తీసుకుపోతాను. రేపు పొద్దున్నే పాస్టరుగారికి ఫోను చేస్తాను. చేస్తానయ్యా, ఈసారి చేస్తాను.

ఈ పొట్లం మాత్రం తీసుకెళ్ళొచ్చుగా? వచ్చేదారిలో అలవాటుకొద్దీ పెద్దది కొనేశాను, ఇద్దరికీ సరిపోయేది. ఒలుచుకోవాలంటే కిందికి చూడాలి. కిందికి చూస్తే రేసు పోతుంది.

పోతే పోనీ.