భీమరావు సారు వంటింటికి పంపిన మాటలు

ఏం శ్వేతా, ఈ అవ్వ పక్కన కూసోని ఆ అట్టలన్నీ కత్తిరిస్తాండావు, యాలమ్మా? రేపు మదనపల్లి బళ్ళో పిల్లోళ్ళకు రిపోర్టెడ్ స్పీచి సెప్పల్లనా? ఒకరన్న మాట ఇంగొకరికి సేరేసేదేగదా, దానికి అట్టలెందుకు? మా పుంగనూరులో ఇంగ్లీషు సెప్పే భీమరావు సారని ఉండె. పొయ్యి శానా కాలమాయలే. ఆయప్పకు అట్టలు లేవు, పెండ్లాం ఉండె. నవ్వేదేముండాదిమే? నిజమే సెప్తాండా.

ఆయమ్మ పేరు సుబ్బలక్ష్మమ్మ. పుట్టినింటి నుంచి తోలుకొచ్చుకున్న ఆవొకటి ఉండె ఆయమ్మకు, మన పుంగనూరు పొట్టావే, ఇంతే ఎత్తు. దాన్ని ఈయప్ప ఒక మాటన్నా అడక్కుండా పెద్దపంజాణి ఊరోళ్ళకు అమ్మేసినాడు. ఇంగ ఆ పొద్దుట్నించి ఆయమ్మ ఆయప్పతో మాట్లాడితే ఒట్టు. వండుతుంది, వడ్డిస్తుంది, నోరు మాత్రం తెరవదు. సారుకు మాత్రం రోషం తక్కువా, ఆయప్పా మూసుకున్నాడు. మరి సంసారం నడవల్లగదా? సాయంత్రం మేము ట్యూషనుకు పోతిమా, సారు నడవలో కూసోని, "రాజమ్మా, కాఫీ చల్లగా ఉందని మేడమ్‌కు చెప్పు. ఇంగ్లీషులో" అనేవాడు. నేను లోటా ఎత్తుకోని వంటింట్లోకి పొయ్యి, "సర్ సెడ్ దట్ ది కాఫీ వాజ్ కోల్డ్" అంటా. ఆయమ్మకు ఇంగ్లీషు రాదు, నా సేతిలో లోటా సూస్తే అర్థమైపోయేది. "పొయ్యి ఈడనే ఉండాది, కాళ్ళు లేవా అని అడుగు పో." మళ్ళా నడవలోకి వొచ్చి, "మేడమ్ ఆస్క్‌డ్ ఇఫ్ యూ హ్యాడ్ నో లెగ్స్, సర్." ఆయప్ప మొగంలో ఏమీ మారదు. "కరెక్ట్. కూర్చో. ఎల్లప్పా, ఇప్పుడు నువ్వు పో." ఉప్పెక్కువాయ, బియ్యమైపోయె, అన్నీ మా నోట్లోనే నడిచె. ఆ ఒక్క పాఠం తప్ప మాకింగేమీ రాదు.

అట్లుండంగా సారుకు కుప్పానికి ట్రాన్స్‌ఫరాయ. ఆయమ్మ కూడా పోకుంటే కాపురం ఆడితో సరి, వీధంతా అదే మాట. ఆ పొద్దు సారు సుద్దముక్క తిప్పుకుంటా కూసోని, "నాతో కుప్పం వస్తుందా అని అడుగు" అనె. పోతిని. "సర్ ఆస్క్‌డ్ ఇఫ్ యూ వుడ్ గో టు కుప్పం విత్ హిమ్." కుప్పమనేది మాత్రం ఆయమ్మకు అర్థమాయ. తిరగమోత పెడతా ఉండె, గరిట ఆడిస్తానే, "ఆవునమ్మేటప్పుడు ఎవుర్నీ అడగనోడు, నన్నడిగేదానికి పిల్లోళ్ళను పంపుతాడా? ఆయప్ప నోరు యాడ పెట్టినాడో ఎతుక్కోని రమ్మను" అనె. దాన్ని ఇంగ్లీషులో సెప్పేది నా వల్ల కాకపాయ. తెలుగులోనే సెప్పేస్తిని. సారు తప్పు పట్టలా. లేసి, సుద్ద జేబులో ఏసుకోని, వంటింటి గడపకాడికి పాయ. మేమందరం మెడలు సాసి సూస్తాండాము. ఆయప్ప వంగి ఏందో సెప్పె. ఆయమ్మ గరిట కింద పెట్టె. వారంలో ఇద్దరూ సామానెత్తుకోని కుప్పం పాయిరి. మా ట్యూషను ఆడితో సరి. ఆ ఏడు సగంమందిమి ఇంగ్లీషులో తప్పితిమి.

ఏం సెప్పినాడా? నాకేం తెలుసుమే. ఆ మాటకు మమ్మల్ని పంపలేదుగదా. కొంచెం జరుగు, అట్టముక్కలు నా సంగటిలో పడతాండాయి.