మూడో పెట్టెలో పాట క్లాసు

హలో… ఆఁ, నేనే వదినా, నేనే. ఎక్కడిదాకా వచ్చారు?

… ఆగిందా? రైలా?

… ఎక్కడ? మన వంతెన మీదేనా?

ఉండు, ఉండు. ఫోన్ పెట్టకు. వెనక కిటికీ దగ్గరికి వెళ్తున్నా… ఆ. కనిపిస్తోంది. పెట్టెల్లో దీపాలు కూడా కనిపిస్తున్నాయి. కూతవేటు దూరంలో ఉన్నారు కదా వదినా. దిగి నడిచేస్తే—

… అవునులే. కింద కాలువ.

… వద్దు, వద్దు. ఎవరూ పిచ్చి పనులు చేయొద్దని చెప్పు. చేతులు పట్టుకుని దిగుతారా, కాళ్ళు విరగ్గొట్టుకోవడానికి. గార్డు ఏమంటున్నాడు?

… సిగ్నలు ఇవ్వలేదా. ఎప్పుడిస్తారో తెలీదా. బాగుంది.

గట్టిగా మాట్లాడలేను. ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు… ఇంకెవరు, టౌను ఆఫీసు నుంచి వస్తానన్న ఆఫీసరు. వచ్చేశాడు. చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు, అదేం ఖర్మో. మామూలుగా వాళ్ళు సగం అయ్యాక కదా వచ్చేది, ఇవాళే ఈయనకి బుద్ధిగా రావాలనిపించింది.

… జనమా. చెప్తే నవ్వుతావు. మందుల షాపు వాళ్ళమ్మ ఉంది. ఆవిడ ఫ్యాను కోసం వస్తుంది, నీకు తెలుసుగా. బొమ్మల క్లాసు పిల్లలు ఇద్దరు. వాళ్ళ తాతయ్య. తాతయ్య నిద్రపోతున్నాడు. ఆఫీసరు పక్కన ప్యూను.

… అంతే వదినా. అంతే. కుర్చీలు మాత్రం హాలు నిండా వేశాను. ఒక్కోటీ తుడిచి మరీ వేశాను. ఇప్పుడవన్నీ నా మొహం చూస్తున్నాయి.

… ఇంకెవరొస్తారు? ఈ ఊరి జనమంతా ఆ రైల్లోనే ఉన్నారు. పొద్దున మోసుకుపోతుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. అది దింపితే కదా నాకు. అందుకే కదా, రైలు దిగి నేరుగా రండి, ఇంటికి కూడా వెళ్ళొద్దు, బ్యాగులతోనే రండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను అందరికీ.

… నీ తప్పని నేనన్నానా. కాళ్ళు చేతులు ఆడట్లేదు, అంతే.

నేనేం తక్కువ చేశాను చెప్పు. స్టేషన్ మెట్ల మీద నిలబడి కాగితాలు పంచాను. తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే విసురుకున్నారు, ఉక్కగా ఉందని. ఆటోకి మైకు కట్టించి సెలవు రోజు వీధి వీధీ తిరిగాను. ఒకాయన బాల్కనీలోకొచ్చి, వారానికొక్క రోజు నిద్రపోనివ్వవా తల్లీ అని చేతులు జోడించాడు.

… ఆ, ఆయనే. మీ పెట్టెలో కిటికీ సీటాయన. ఇప్పుడు బాగా పాడుతున్నాడా?

… పాడతాడు. రైలెక్కితే అందరూ బాగానే పాడతారు. ఇక్కడ హాల్లో క్లాసు పెట్టినప్పుడు ఎవరొచ్చారు? నువ్వూ, హార్మోనియమూ. నేను తలుపు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళని బతిమాలడం. ఆ బాధ పడలేకే కదా, వీళ్ళెలాగూ ఇటు రారు, నువ్వే రోజూ వెళ్ళే రైల్లో నేర్పించు వదినా అని నిన్ను మూడో పెట్టెలోకి తోశాను.

… అవును, పెరిగారు. ఎవరు కాదన్నారు. పెరిగినవాళ్ళని ఒక్కసారి ఇక్కడ నిలబెట్టి చూపిద్దామనే కదా ఇంత తాపత్రయం. ఆయన జనాన్ని కళ్ళారా చూడాలి వదినా. చూస్తే హాలు మనకుంటుంది. లేకపోతే స్టేషన్‌కి వచ్చేవాళ్ళ బండ్లకి స్టాండు చేసేస్తారు. నీకు తెలీనిదేముంది.

— ఆ సార్. వచ్చేస్తున్నారు సార్. దారిలోనే ఉన్నారు… కనిపిస్తున్నారు కూడా సార్, ఈ కిటికీలోంచి చూస్తే… లేదు సార్, నడిచి కాదు. రైల్లో… వంతెన మీద సార్.

మళ్ళీ వాచీ చూశాడు. వదినా, ఆ గార్డుని ఇంకోసారి అడిగి చూడు.

… తిట్టాడా. సరే, వద్దులే.

ఆయన్ని ఎంతసేపని ఆపను? బొమ్మలన్నీ చూపించేశాను. మట్టి బొమ్మల దగ్గర రెండుసార్లు తిప్పాను. ఏనుగుని చూసి, కుక్క భలే చేశారే అన్నాడు. అవును సార్ అన్నాను. ఆయన కుక్కంటే ఇవాళ అది కుక్కే. చేసిన పిల్ల నా వంక ఎలా చూసిందనుకున్నావు. మంచినీళ్ళిచ్చాను, ఫ్యాను అటు తిప్పాను. మందుల షాపు వాళ్ళమ్మ ఇటు తిప్పుకుంది.

… నవ్వకు. నాకు ఏడుపొస్తోంది.

… అదేంటి, ఏదో వినిపిస్తోంది. మీ వాళ్ళేనా? పాడుతున్నారా?

… ఊరికే కూర్చోలేకా. ఎంతమంది?… పెట్టె మొత్తమా? పక్క పెట్టెలోంచి కూడా వచ్చారా? నా తల్లే. నా తల్లే వదినా. ఆగండి, ఆపకండి. నాకో ఉపాయం తట్టింది. ఫోన్ అలాగే పైకెత్తి పట్టుకో, అందరినీ మొదటినుంచి అందుకోమను.

— సార్, ఒక్క నిమిషం కూర్చోండి సార్. లేవకండి. మా కోరస్… వాళ్ళు రాలేకపోయినా పాట వస్తుంది సార్. ఫోన్లో. స్పీకరు పెడుతున్నా… మీకు ఆలస్యం కానివ్వను. ఒక్క పాట.

వదినా, స్పీకరు పెట్టేశా. కానివ్వండి.

…

… కొంచెం గట్టిగా.

…

(ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు వదినా. ఆపొద్దు.)

…

(తాతయ్య లేచాడు. పిల్లలిద్దరూ ఫోన్ దగ్గరికొచ్చి నిలబడ్డారు.)

…

… బాగుంది కదా సార్? నిజంగానా? చప్పట్లు వాళ్ళకి వినిపించాయి సార్, అదిగో అరుస్తున్నారు.

పెట్టె మొత్తం సార్. మొదట్లో నలుగురే. ఇప్పుడు నిలబడ్డానికి చోటుండదు… అన్ని రకాల వాళ్ళూ. బ్యాంకులో చేసేవాళ్ళు, బట్టల షాపుల్లో చేసేవాళ్ళు, ఒక కంటి డాక్టరు కూడా ఉన్నాడు… మా వదినే నేర్పింది సార్. మా అన్నయ్య భార్య. ఆవిడకి ఆఫీసు ఉద్యోగం, ఇది ఇష్టం కొద్దీ.

… ఎక్కడ నేర్పిందంటే… రైల్లోనే సార్. వెళ్ళేటప్పుడు కొంచెం, వచ్చేటప్పుడు కొంచెం. ఇంటికొచ్చాక వాళ్ళకి ఓపిక ఎక్కడుంటుంది. రైల్లో అయితే ఎలాగూ కూర్చోవాలి కదా. ఆ ఆలోచన నాదే సార్.

… ఆ, చూశారా ఆ పోస్టరు? స్టేషన్లోనా? నేనే సార్. నా చేత్తో నేనే రాశాను. 'హాలుకి రానక్కర్లేదు, పాటే మీ సీటు దగ్గరికి వస్తుంది' అని. అది పెట్టాకే సార్ ఇంతమంది—

…

కాదు సార్.

అలా కాదు సార్. నా ఉద్దేశం అది కాదు.

… అంటే, రైల్లో నేర్చుకుంటారు, నిజమే, కానీ హాలు… హాలు ఉండాలి సార్. ఎందుకంటే…

… బొమ్మల క్లాసు ఉంది సార్. ఇవాళ ఇద్దరే వచ్చారు… మామూలుగానా… మామూలుగా కూడా ఇద్దరే సార్.

… స్టాండు కావాలని అడిగిందెవరు సార్?… ఓహో. రోజూ రైలెక్కేవాళ్ళేనా.

… లేదు సార్, మీరు మంచిగానే చెప్పారు. నాకర్థమైంది… చెప్తాను సార్, బాగా పాడారన్నారని చెప్తాను. మెట్లు చూసుకుని దిగండి, చివరిది విరిగింది.

…

హలో. ఉన్నావా? స్పీకరు తీసేశా. వెళ్ళిపోయాడు.

… విన్నావా అంతా?… బాగుందన్నదాకే వినిపించిందా. మీ వాళ్ళ అరుపుల్లో మిగతాది పోయిందన్నమాట. మంచిదేలే.

… అవును, నచ్చింది. నిజంగానే నచ్చింది ఆయనకి, అదే కదా వచ్చిన చిక్కు. రైల్లోనే ఇంత చక్కగా జరుగుతుంటే ఇంక ఈ గది ఎందుకమ్మా, రేపే రాసి పంపేస్తాను అన్నాడు. మర్యాదగా అన్నాడు. కసిరి ఉంటే పోట్లాడేదాన్ని. అంత మర్యాదగా అంటే ఏం చేస్తాం.

… నువ్వేం చేశావు, చేసిందంతా నేను. పెద్ద తెలివిగా పోస్టరు రాసింది నేను. 'రానక్కర్లేదు' కింద ఎర్రరంగుతో గీత గీసింది నేను. అడక్కుండానే ఆ ఆలోచన నాదే సార్ అని గొప్పలు పోయింది నేను. నా నోరే నా కొంప ముంచింది.

… స్టాండు అడిగింది మీ పెట్టెలో వాళ్ళేనట. తెలుసా నీకు?

…

నువ్వు కూడానా?

… లేదు, కోపం లేదు. చెట్టు కింద పెడితే నీ స్కూటరు సీటు మీద పిట్టలు ఏం చేస్తాయో నేను చూళ్ళేదా. బండి ఉంటే నేనైనా అడిగేదాన్ని… నిజంగా కోపం లేదు వదినా. ఎవరి మీదని పడను. వెతుక్కుంటుంటే ఒక్కరూ దొరకట్లేదు.

… పాట ఆగదని నాకూ తెలుసు. అదే చెప్తున్నా. మీ పాటకేం కాదు. నష్టం మీకు లేదు.

… నాకే.

… నీకు చెప్తే అర్థమవుతుందో లేదో. పొద్దున మీ రైలు వెళ్ళాక ఈ ఊరెలా ఉంటుందో నువ్వెప్పుడూ చూడలేదు. కుక్కలు కూడా మొరగవు, మొరగడానికో మనిషి పోవాలిగా. అత్తయ్యకి ఒళ్ళు తుడిచి, మందులేసి, ఆవిడ కన్ను మూతపడగానే తాళాలు తీసుకుని ఇక్కడికొస్తా. ఊడుస్తా. పోస్టర్లు రాస్తా. చాలా రోజులు ఎవరూ రారు. అయినా తలుపు బార్లా తీసి కూర్చుంటే, ఎవరో వచ్చేలాగే ఉంటుంది వదినా. ఇంట్లో తలుపు తీసి కూర్చుంటే అలా ఉండదు.

… ఏడవట్లేదు.

… సరే, ఏడుస్తున్నా. పిల్లలు చూస్తున్నారు, ఉండు, కిటికీ వైపు తిరుగుతా.

… నన్ను రైలెక్కమంటావా? రోజూ మీతో? ఎక్కి ఎక్కడ దిగను? మీ అందరికీ దిగే స్టేషనుంది. ఊరికే వెళ్ళి ఊరికే రావడానికి అత్తయ్యని ఎవరికి అప్పజెప్పను? మందుల షాపు వాళ్ళమ్మకా?… నవ్వించకు.

… ఆ, కదిలింది. చూస్తున్నా. దీపాలు కదులుతున్నాయి. ఇంత తొందరగా ఇచ్చేశాడు సిగ్నలు. ఇందాక ఇచ్చి ఉంటే వాడి సొమ్మేం పోయేది.

… వద్దు, ఇంకెందుకు. ఎవరి ఇళ్ళకి వాళ్ళని వెళ్ళమను. పొద్దుననగా బయల్దేరినవాళ్ళు, అలిసిపోయి ఉంటారు. నేను కుర్చీలు మడతపెట్టేసి వెళ్తాను.

… ఆయన వెళ్ళిపోయాడని చెప్పావా వాళ్ళకి? హాలు పోయిందని కూడా చెప్పు. అప్పుడు చూద్దాం.

…

… చెప్పినా వస్తామంటున్నారా?

… కిటికీ సీటాయన కూడానా. ఆయన్ని నేను నిద్రలేపానని గుర్తుందా ఆయనకి?

… దిగారా. నేరుగా ఇటేనా. ఫోన్ పెట్టకు వదినా, అలాగే పట్టుకుని నడువు. మాట్లాడక్కర్లేదు, ఊరికే ఉంచు.

…

… ఆ. ఫోన్లోనూ వినిపిస్తోంది, బయటా వినిపిస్తోంది. మందుల షాపు దాటారా?… పిల్లలు వీధిలోకి పరిగెత్తారు. తాతయ్య కూడా. వదినా, ఇంతమందా? వీధి చివరిదాకా తలకాయలే. ఇంతమందికి కుర్చీలెక్కడున్నాయి నా దగ్గర.

… ఏంటి?… నన్నా?

… ముందు వరసలోనా? మీతో కలిసా?

… ఎలా పాడను వదినా. నాకు ఆ పాట రాదు.

… నిజంగానే రాదు. పోస్టరు నేనే రాశాను, క్లాసుని రైలెక్కించింది నేనే. పాట మాత్రం… క్లాసు రైల్లో కదా.

…

… నువ్వెందుకు ఏడుస్తావు ఇప్పుడు? పాడు. ఆగిపోతారు వాళ్ళు. నేర్పుదువుగానిలే ఎప్పుడైనా.

… ఇక పెట్టేస్తున్నా. రెండో తలుపు కూడా తీయాలి, లేకపోతే పట్టరు. ఇన్నాళ్ళలో తీసే పనే పడలేదు… గడియ తుప్పు పట్టిపోయిందో ఏమో, వస్తుందో రాదో చూస్తా.