కడిగిన అరుగు

కరువు బియ్యంతో నంద్యాల నుంచి వచ్చిన లారీని ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఒకామె ఆపింది. లారీలోంచి సేవాసంస్థ ఉద్యోగి దిగాడు.

“బియ్యం యాడ దించుతాండారప్పా?”

“ఊరి పెద్దాయన ఇంటి అరుగు మీదమ్మా. అందరూ ఆడికే రావల్ల.”

“మా వీధోళ్లు ఆ గడప తొక్కరు.”

“ఇంకా ఏం గొడవలమ్మా? ఆయనా, మీ నాయకుడూ రాజీ అయినారు గదా.”

“వాళ్లిద్దురూ ఒకే పార్టీలో చేరినారు, రాజీ అయినారు. మొగుళ్లను పోగొట్టుకున్నోళ్లను ఎవురడిగినారు?”

“కరువులో పంతాలొద్దమ్మా. ఆ అరుగు నీడగా, శుభ్రంగా ఉందని ఒప్పుకున్నాం.”

“శుభ్రంగానే ఉంటాది. నా మొగుణ్ణి ఆడనే నరికినారు. ఆ యేడు గూడా కరువే. మాకు తాగనీకె చుక్క నీళ్లు ల్యావు. అరుగు కడగనీకె మాత్రం ట్యాంకరు తెప్పించినారు.”