మంచు చీల్చే ఓడ

రెండు ఐసు ఫ్యాక్టరీలు కలిపేసిన రోజున ఇక్కడివాళ్ళూ అక్కడివాళ్ళూ టీ గ్లాసులు పట్టుకుని చెరో గోడకీ అంటుకుపోయారు. అది చూసి కొత్త మేనేజరమ్మ, బెరుకు పోవడానికి ఒక ఆట ఆడదామంది. ఒక్కొక్కరూ తమ గురించి ఒక సంగతి చెప్పాలట. దాన్ని ఐస్‌బ్రేకర్ అంటారట.

"దాని మీద పనిచేశానమ్మా," అన్నాడు ఇరవై తొమ్మిదేళ్ళుగా అక్కడ గడ్డలు కొడుతున్న పెద్దాయన.

అందరూ అటు తిరిగారు. ఐస్‌బ్రేకరంటే ఆట కాదు, ఓడ అన్నాడు. గడ్డకట్టిన సముద్రాన్ని ముక్కుతో చీల్చుకుంటూ పోతుందట, తను అందులో వంటవాడట. అక్కడిదాకా బాగానే ఉంది. ఒకసారి ఆ ఓడ మంచులో ఇరుక్కుని నాలుగు రోజులు కదల్లేదట, కెప్టెనే చేతులెత్తేస్తే తను గునపం పట్టుకుని దిగాడట.

"ఒక్క పోటు పొడిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీలిక పరిగెత్తి పరిగెత్తి అవతలి దేశంలో ఒకావిడ వాకిట్లో ఆగింది. ఆవిడ బయటికొచ్చి తిట్టిన తిట్లు ఓడలోకి వినిపించాయి."

"ఏ భాషలో?" అడిగాడు కొత్తవాళ్ళలో ఒక లారీ డ్రైవరు.

"తిట్లకి భాషేమిటి నాయనా."

జనం గోడలు వదిలి బెంచీల దగ్గరికి చేరారు. పెద్దాయనకి ఊపొచ్చింది. దారి దొరికిందని తిమింగలాలు ఓడ వెనక బారులు తీరాయట, తోసుకుంటుంటే తనే ఈలవేసి వరసలో నిలబెట్టాడట, బుద్ధిగా ఉన్న పిల్ల తిమింగలాన్ని ముందుకు పంపాడట.

"మా బావ సముద్రమే చూడలేదు," అన్నాడు వెనకనుంచి బావమరిది. అతనూ అక్కడే లోడింగు మనిషి.

అందరూ ఘొల్లుమన్నారు. పెద్దాయన గ్లాసు కిందపెట్టాడు.

"చూడలేదు. పనిలోకి రమ్మని కాగితం మాత్రం వచ్చింది, అలాంటి ఓడ మీదికే. ఓడెక్కేవాడికి పిల్లనివ్వనన్నాడు మీ నాన్న. రెండ్రోజులు ఆలోచించి చింపేశాను."

అప్పటికి బావమరిదికి ఆరేళ్ళు. ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తలేదు.

"అక్కకి తెలుసా?"

"ఎందుకు తెలియాలి? తనని చేసుకున్నందుకు ఒక్కరోజు బాధపడలేదు. కానీ గునపం దించినప్పుడల్లా, ఇదే చప్పుడు సముద్రం మీదైతే ఎలా ఉండేదో అనిపిస్తుందిరా. రోజూ అనిపిస్తుంది."

బావమరిది తలొంచుకున్నాడు. ఇందాకటి లారీ డ్రైవరు ముందుకు జరిగాడు.

"ఆదివారం నా లోడు రేవుకే పెద్దాయనా. ముందు సీటు ఖాళీ."

మేనేజరమ్మ ఇంకొకరిని పిలవబోతుంటే, పెద్దాయన మెల్లగా డ్రైవరు వైపు వంగి అడిగాడు.

"మా ఆవిడా నేనూ, ఇద్దరం పడతామా?"