మేడ మీది మీటింగు

శనివారం సాయంత్రం. అక్క మిషను మీద స్కూలు చొక్కాలు కుడుతోంది. పక్కన ముక్కాలిపీట మీద తమ్ముడు వాటికి గుండీలు కుడుతున్నాడు. లోపలి గదిలో బావ గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏంటీ, మీటింగులో టీ బాగోలేదా?"

"బాగోలేదక్కా. చల్లారిపోయింది."

"మందు మానేవాళ్ల మీటింగుకి నిన్ను పంపింది టీ కోసమా? అయినా అక్కడున్నదే మూడు నిమిషాలు. అందులోనే టీ పోయించుకున్నావు, తాగావు, చల్లారిందని కూడా కనిపెట్టావు!"

"మూడు నిమిషాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి? నీ వెనకే వచ్చాను. ఎదురుగా జిరాక్సు షాపులో నిలబడ్డాను. మెట్లెక్కావు, దెయ్యం తరిమినట్టు దిగొచ్చావు, నేను రోడ్డు దాటేసరికి మాయమైపోయావు."

"నా వెనకాల వచ్చావా?"

"రాక? నీ మాట నమ్మితే ఆ లిఫ్టు తలుపు సంగతేమైంది? రిపేరుకెళ్లి లాకు బిగించానన్నావు. ఆ అపార్టుమెంటులో ఎవరో పెద్దాయన తలుపు తీసి అడుగు వెయ్యబోతే లోపల లిఫ్టే లేదు. పక్కింటావిడ చెయ్యి పట్టి లాగింది కాబట్టి బతికాడు."

"ఆ రోజు తాగున్నాను. ఒప్పుకున్నానుగా."

"ఒప్పుకుంటే అయిపోయిందా? ఏదో ఒక మీటింగులో చేరినట్టు సోమవారానికి చీటీ తెమ్మన్నాడు మీ కంపెనీ డాక్టరు. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది."

"తెస్తాలే."

"ఎక్కణ్ణుంచి తెస్తావు? స్టేషను దగ్గర మీటింగుకి వెళ్లి ఏమన్నావు?"

"అక్కడంతా చప్పట్లక్కా. తుమ్మినా చప్పట్లే."

"మరి ఆసుపత్రిది?"

"అందరూ రిటైరైనవాళ్లు. సగం మంది నిద్రపోతారు, మిగతావాళ్లు వాళ్లని లేపుతారు."

"పెళ్లిసంబంధాలకి కూడా ఇన్ని వంకలు పెట్టరురా! లైబ్రరీ మేడ మీదిది రెండు వీధుల అవతలే. ఏడెనిమిది మంది కన్నా ఎక్కువ రారట, ఎవరూ గొంతు పెంచరట. నీకోసమే పెట్టినట్టుంది. అదెందుకు వద్దు?"

"నచ్చలేదు."

"ఏం నచ్చలేదు?"

"కుర్చీలు."

"ఇందాక టీ అన్నావు."

"టీ, కుర్చీలు. రెండూ."

"ఒరేయ్, ఇటు చూడు. సూదిని కాదు, నన్ను చూడు. లోపల ఎవర్ని చూశావు?"

"ఎవరుంటారు? మనుషులు."

"తెలిసినవాళ్లా?"

"అక్కడ చూసింది బయట చెప్పకూడదక్కా. గోడ మీదే రాసుంది."

"నిన్న వాళ్ల నంబరుకి ఫోన్ చేశాను. వాళ్లదీ అదే పాట. మా తమ్ముడొచ్చాడా అంటే చెప్పరు, ఎవరొస్తారో చెప్పరు. మానేసినవాళ్లకి ఇన్ని దాపరికాలెందుకో!"

"మెల్లిగా అక్కా. బావ వింటాడు."

"విననీ. నా మాట నీకు ఎలాగూ ఎక్కదు. మీ బావనే చెయ్యి పట్టుకుని ఆ మేడ ఎక్కించమంటాను..."

"బావ వద్దు!"

"అయ్యో, డబ్బా తన్నేశావు, గుండీలన్నీ పోయాయి! బావంటే అంత ఉలికిపాటేంట్రా?"

"ఏం లేదు. బావకి షాపులో పనుంటుంది కదా, మంగళవారాలు."

"ఉంటుంది. కళ్లజోళ్లన్నీ మంగళవారమే విరుగుతాయి కాబోలు, ఆ ఒక్క రోజే ఆలస్యం. ఆగాగు... మీటింగూ మంగళవారమే."

"అక్కా, నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావు! ఊరికే మెట్లెక్కి, దిగి, నేరుగా మీ బావ దగ్గరికి పోయావు. బావా బామ్మర్దులు ఇద్దరూ కలిసి ఎక్కడో కూర్చుని తాగుతున్నారు. అంతేనా?"

"ఒట్టు! బావ ముట్టడు."

"ముట్టడని అంత గట్టిగా ఎలా చెబుతున్నావు?"

"తెలుసంతే. నన్నెన్నైనా అను, బావనేం అనకు. నేను ఆసుపత్రి మీటింగులోనే చేరతాను. వాళ్లతో పాటే నిద్రపోతాను."

"వాళ్లది బుధవారం. స్టేషనుది గురువారం. సోమవారంలోపు ఉన్నది ఈ మేడ మీదిదొక్కటే, రేపు పొద్దున్న కూడా పెడుతున్నారట. వెళ్తావా, వెళ్లవా?"

"అయితే పోనీలే."

"ఏంటి పోయేది?"

"ఉద్యోగం."

"ఉద్యోగం పోయినా సరే, నోరు మాత్రం విప్పవన్నమాట! నా పెద్దరికం ఇంతవరకే. ఏమండీ! ఒకసారి ఇలా రండి!"

"బావా, నువ్వు రాకు!"

"వచ్చేశాన్రా. సగం గడ్డంతోనే వచ్చేశాను."

"సూటిగా అడుగుతున్నానండీ. మీరు మందు తాగుతారా?"

"తాగను."

"విన్నావుగా అక్కా, తాగనన్నాడు. అయిపోయింది. లోపలికెళ్లు బావా."

"నువ్వు నోర్ముయ్యరా. మంగళవారాలు ఎక్కడికెళ్తున్నారు మీరు?"

"చెప్పకు బావా! నేనెవరికీ చెప్పలేదు. చెప్పను కూడా."

"తెలుసురా. నాలుగు రోజులుగా నీ వంకలన్నీ గోడ అవతల నుంచి వింటూనే ఉన్నాను. ఏ పూటకాపూట సిగ్గేస్తూనే ఉంది. నా పరువు కోసం నీ ఉద్యోగం పోగొట్టుకుంటావా? కూర్చో. ఏమోయ్, ఆ చొక్కా పక్కన పెట్టు."

"పెట్టాను. చెప్పండి. నాకు భయమేస్తోంది."

"మొన్న వీడు ఆ తలుపు తోసుకుని వచ్చేసరికి, లేచి నిలబడి మాట్లాడుతున్నది నేనే. 'నేను తాగుబోతుని, పెళ్లికి ముందే మానేశాను, తొమ్మిదేళ్లయింది, ఇంకా మా ఆవిడకి చెప్పలేదు' అంటున్నాను."